సీవీడ్ సీసా వెనకున్న మొక్క: ఎక్లోనియా కెల్ప్ ఎక్కడ, ఎలా బతుకుతుంది?

కొన్ని సీవీడ్ సీసాల లేబుల్ మీద "కెల్ప్", "ఎక్లోనియా మాక్సిమా" అని ఉంటుంది. చాలామంది దాన్ని ఎరువు అనుకొని కొంటున్నారు. ఆ మొక్క బతుకు తెలిస్తే, మన పొలంలో దాని పని ఎంతవరకో అర్థమవుతుంది. బొమ్మలు వీడియోలో చూపించాను, వివరం ఇక్కడ రాస్తున్నా.

ఎక్కడ పెరుగుతుంది?
దక్షిణాఫ్రికా పడమటి తీరంలో, నమీబియా దక్షిణ తీరంలో. అక్కడి గాలులు పైనీటిని ఒడ్డు నుంచి సముద్రం లోపలికి నెట్టేస్తాయి. ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లటి నీరు పోషకాలతో సహా పైకొస్తుంది. లోతు దుక్కికి కింది మట్టి పైకి తేలినట్టన్నమాట.

ఎలా బతుకుతుంది?
దీనికి రాయే ఆధారం. కింద వేళ్లలా కనిపించే భాగాన్ని హోల్డ్‌ఫాస్ట్ అంటారు. అది అలలకు కొట్టుకుపోకుండా రాయిని పట్టుకోవడానికే గానీ ఆహారం తీసుకోవడానికి కాదు. పోషకాలను ఒళ్లంతటితో నీళ్లలోంచే పీల్చుకుంటుంది. కాండం పైభాగం బోలుగా, గాలితో నిండి ఉంటుంది. అందుకే ఆకులు పైకి తేలి ఎండ అందుకుంటాయి. 10 మీటర్లు దాటి కూడా పెరుగుతుంది. ఇసుకలో, బురదలో దీనికి పట్టు దొరకదు, వెచ్చటి నీరు పడదు. అందుకే మన కోస్తాలో ఇది లేదు. తమిళనాడు మండపం దగ్గర పెంచే కప్పాఫైకస్ ఎర్ర నాచు, అది కెల్ప్ కాదు.

కోతలో జాగ్రత్త
ఆకులు పుట్టే తల భాగాన్ని నరికేస్తే మొక్క చచ్చిపోతుంది. ఆకుల మొదలు జానెడుకు పైగా వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. మనం కరివేపాకు కోసుకున్నట్టే, మొదలు మిగలాలి.

మన పొలానికి ఏంటి?
ఈ ద్రావణంలో నత్రజని, భాస్వరం, పొటాష్ చాలా తక్కువ. పనిచేసేది ముఖ్యంగా ఆక్సిన్ లాంటి పెరుగుదల పదార్థాలు. అవి వేరు పెరగడానికి సాయపడతాయి. అందుకే 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ఇలాంటివాటిని బయోస్టిమ్యులెంట్లు అని వేరుగా చేర్చారు.

కాబట్టి మూడు మాటలు గుర్తుంచుకోండి:
1. జీవామృతం, ఘనజీవామృతం మానేసి దీన్ని వాడొద్దు. ఇది నేలకు తిండి కాదు.
2. లేబుల్ మీదున్న మోతాదు దాటొద్దు. ఆక్సిన్ ఎక్కువైతే వేరు పెరుగుదల ఆగుతుంది.
3. నాచు జాతి పేరు రాయని సీసాకు కెల్ప్ ధర పెట్టొద్దు.

ముందు నాలుగు సాళ్లకే కొట్టి, పక్కన నాలుగు సాళ్లు వదిలేసి పోల్చి చూడండి. తేడా కనిపిస్తేనే రెండో సీసా కొనండి.