సుబేదారు రామ్‌జీ సక్పాల్ సంసారము

"పెద్ద చదువులు కలవారి బిడ్డలకే అబ్బును, మనవంటివారు బిడ్డను బడికి పంపుటయే గొప్ప" అని తల్లిదండ్రులు పలుకుచుండగా మేము తఱచుగా వినుచుందుము. ఆ మాటలోని నిజమెంతయో, పొరపాటెంతయో తేల్చుకొనుటకు వీలుగా పందొమ్మిదవ శతాబ్దపు సైనికుడొకని సంసారమును గూర్చి ఈ సంచికయందు వ్రాయుచున్నాము. ఆయన పేరు రామ్‌జీ మాలోజీ సక్పాల్. భారత రాజ్యాంగ ముసాయిదా సంఘమునకు అధ్యక్షుడైన డాక్టరు భీమరావు అంబేడ్కర్ గారి తండ్రి. కుమారుని కీర్తి నెఱుగనివారు లేరు. ఆ కీర్తికి పునాది వేసిన ఇంటిని గూర్చి మాత్రము తెలిసినవారు తక్కువ.

వీరి స్వగ్రామము రత్నగిరి జిల్లాలోని అంబడవే. వీరు మహారు కులమువారు. ఊరిలో అంటరానివారని దూరముగా నుంచబడిన ఆ కులమువారికి కంపెనీ దొరల నాటినుండి బొంబాయి సైన్యమున చోటు దొరకెను. 1818 జనవరి 1వ తేదీన భీమానది యొడ్డున కోరేగావ్ వద్ద జరిగిన యుద్ధమున మరణించిన సిపాయిలలో మహారులు పలువురు కలరు. వారి పేర్లు అచ్చటి స్తంభముపై నేటికిని కానవచ్చును. రామ్‌జీ తండ్రి మాలోజీయు సైనికుడే. భార్య భీమాబాయి పుట్టింటివారును సైన్యమున సుబేదారు మేజరు పదవుల నందినవారు.

పటాలము వీరికి జీతమును మాత్రమే గాక చదువును గూడ ఇచ్చెను. సిపాయిలకును వారి బిడ్డలకును సైన్యమే పాఠశాలలు నడిపెను. రామ్‌జీ పూనాలో ఉపాధ్యాయ శిక్షణమును పొంది, 14 సంవత్సరములు సైనిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నుండెను. మా వృత్తివాడే గనుక ఆయనయందు మాకొక ప్రత్యేకమైన అభిమానము. అయితే 1890 తరువాతి తొలి యేండ్లలో మహారులను సైన్యమున చేర్చుకొనుట ప్రభుత్వము మానివేసెను. తాతకును తండ్రికిని తెఱచియున్న ద్వారము మనుమల యెదుట మూయబడెను. ఇక మిగిలినది చదువొక్కటే.

భీమరావు 1891 ఏప్రిల్ 14వ తేదీన, నేడు డాక్టర్ అంబేడ్కర్ నగర్ అని పిలువబడు మౌ దండులో జన్మించెను. ఆ దంపతులకు అతడు పదునాల్గవ సంతానము. మరి కొలదికాలమునకు తండ్రి ఉద్యోగవిరమణము చేసి దాపోలికిని, అచ్చటినుండి సతారాకును కాపురము మార్చెను. నెలకు 50 రూపాయల ఫించను. పిల్లవానికి ఆరేండ్లు రాకమునుపే తల్లి గతించెను. పదునలుగురు బిడ్డలలో మిగిలినవారు బలరాము, ఆనందరావు, భీమరావు అను మువ్వురు కుమారులును, మంజుల, తులసి అను ఇద్దరు కుమార్తెలును మాత్రమే. మేనత్త మీరాబాయి తల్లిలేని పిల్లలను సాకెను. తండ్రి మరల వివాహమాడుట చిన్నవానికి మిక్కిలి కష్టము కలిగించెను. ఒడుదుడుకులు లేని సంసారము కాదది.

సతారా బడిలో ఈ ప్రధానోపాధ్యాయుని కుమారుడు తక్కిన పిల్లలతో కలిసి కూర్చుండరాదు. ఇంటినుండి తెచ్చుకొన్న గోనెపట్టపై వేరుగా కూర్చుండి, సాయంకాలము దానిని మరల ఇంటికి మోసికొని పోవలెను. దాహమైనచో తాను కొళాయి ముట్టరాదు. బంట్రోతు వచ్చి త్రిప్పినగాని నీరు లేదు. మంగలి వీరికి క్షౌరము చేయడు గనుక అక్కయే తమ్ముల వెండ్రుకలు కత్తిరించెడిది. తండ్రి మరియొక ఊరిలో ఉద్యోగము చేయుచుండగా 1901లో పిల్లలు ఆయనను చూడబోయిరి. రైలు దిగిన తరువాత వీరి కులము తెలియగానే బండివాడెవడును బండి తోలుటకు ఒప్పుకొనలేదు. రెట్టింపు బాడుగకు ఒకడు సమ్మతించెను గాని, పగ్గములు పిల్లలచేతికిచ్చి తాను ప్రక్కన నడచెను. తినుటకు తిండి వెంటనున్నను త్రాగుటకు నీరు లభింపక ఆ రాత్రి పస్తుండిరి. ఈ సంగతులను అంబేడ్కర్ గారే తరువాత వ్రాసియున్నారు.

బయటి లోకమును మార్చుట ఆ ఫించనుదారునికి సాధ్యము కాదు. ఇంటిలోపల చేయదగినది మాత్రము ఆయన విడువలేదు. ఆయన కబీరు మార్గమును అనుసరించినవాడు, మద్యమాంసములు ముట్టనివాడు. ప్రతిదినము పిల్లలను చేరదీసి భజనలు, అభంగములు పాడించెడివాడు. రామాయణ భారతములు చదివి వినిపించెడివాడు. మరాఠీ నాలుకపై నిలిచిన పిమ్మటనే ఇంగ్లీషును తర్ఖడ్కర్ భాషాంతర పాఠములద్వారా తానే నేర్పెను. ఒక భాషలోని వాక్యమును మరియొక భాషలోనికి మార్చుటయే ఆ పద్ధతి. ఇంట తెలుగును, వీధిలో వేఱొక భాషను పలుకు మన పిల్లలకు ఈ పద్ధతి మిక్కిలి అనుకూలమైనది. మాతృభాష అడ్డంకి కాదు. రెండవ భాషకు ఎక్కు మెట్టు అదియే.

తరువాత కుటుంబము బొంబాయి చేరి పరేలులోని ఒక చాళ్ళో ఒంటిగదిలో కాపురముండెను. ఆ నగరపు మిల్లులలో పనిచేసిన మన తెలుగు నేతవారికి ఒంటిగది కాపురమెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. వంటయు, పడకయు, చదువును అందులోనే. పిల్లవాడు ముందు నిద్రించును, తండ్రి మేలుకొనును. రాత్రి రెండు గంటలకు తండ్రి కుమారుని లేపి చదువునకు కూర్చుండబెట్టి, తాను నిద్రించును. పుస్తకము కావలెనని కుమారుడు కోరినచో, వివాహితలైన కుమార్తెలలో ఒకరి వద్దకుపోయి డబ్బు అడుగును. డబ్బు లేనప్పుడు ఆమె నగ ఇచ్చును. దానిని కుదువబెట్టి పుస్తకము కొని, ఫించను వచ్చినంతనే విడిపించి ఇచ్చును. కుమారు లిద్దరిని చదివించుటకు శక్తి చాలక ఆనందరావును పనిలో పెట్టవలసివచ్చెను.

ఇట్లు భీమరావు 1907లో మెట్రిక్యులేషనును, బరోడా మహారాజు శయాజీరావు గైక్వాడ్ గారి సహాయముతో 1912లో బి.ఏ.ను గడిచెను. 1913 జనవరిలో బరోడా కొలువున చేరిన కొలదిదినములకే తండ్రికి జబ్బుగా నున్నదని తంతి వచ్చెను. బయలుదేరిన కుమారుడు తండ్రికొఱకు మిఠాయి కొనుటకు సూరత్ స్టేషనులో దిగగా రైలు వెడలిపోయెను. మరునాడు ఇల్లు చేరునప్పటికి తండ్రి కడసారి ఊపిరిలో నుండెను. 1913 ఫిబ్రవరి 2వ తేదీన రామ్‌జీ గతించెను. అదే సంవత్సరము జూలైలో కుమారుడు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున చేరెను. తండ్రి దానిని చూడలేదు.

తల్లిదండ్రులారా! పెద్ద చదువు కలవారికే అను మాటలో నిజము కొంత కలదు. మహారాజు ధనము తోడుకాకున్న 50 రూపాయల ఫించను అమెరికా వఱకు చాలదు. కాని ఆ ధనము అందినప్పుడు అందుకొనుటకు తగినవానిని సిద్ధపఱచినది ఒంటిగదిలోని రాత్రి రెండు గంటల దీపమే. బిడ్డను బడికి పంపుట పనికి ఆరంభము మాత్రమే. ఆరు గంటలు మేము చూచికొందుము; తక్కిన పదునెనిమిది గంటలు మీచేతిలోనివి. మీకు చదువు రాకపోయినను ప్రక్కన కూర్చుండి "చదివి వినిపించు నాయనా" యనుట మీకు వచ్చును.

మఱియొక మాట. ఈ చదువునకు మూల్యమిచ్చినది తండ్రి యొక్కడే కాదు. బడి మానిన అన్నగారును, నగలిచ్చిన అక్కలును, వెనుకనుండి సాకిన మేనత్తయు ఆ కీర్తిలో భాగస్వాములు. అమెరికానుండి తండ్రిగారి స్నేహితునికి వ్రాసిన లేఖలో అంబేడ్కర్ గారు, బాలుర విద్యతోపాటు బాలికల విద్యయు సాగినచో అభివృద్ధి మిక్కిలి వేగముగ జరుగునని తెలిపిరి. కావున అక్క నగతో తమ్మునికి పుస్తకము కొను కాలము మన యిండ్లలో ముగియవలెను. పుస్తకము అక్క చేతిలోను ఉండవలెను.