మొబైల్ నంబరు చేజారకుండా: ఇంటింటికీ ఒక పాఠం



మన సొసైటీ ఆఫీసుకు వచ్చేవాళ్లు ఒకప్పుడు రేషన్ కార్డు గురించో, ఎంజీఎం ఆసుపత్రిలో బయట కొనమన్న మందుల గురించో అడిగేవారు. ఇప్పుడు వారానికి ఒకరిద్దరైనా "ఓటీపీ వస్తలేదు భాయ్" అంటూ వస్తున్నారు. కారణం అడిగితే తొంభై పాళ్లు ఒకటే జవాబు: ఆ నంబరు ఇప్పుడు లేదు. ఎప్పుడు పోయిందో, ఎట్లా పోయిందో వాళ్లకే తెలియదు. అందుకే ఈ ఏటి సంచికలో ఈ విషయం మీద ఒక పాఠంలాగా రాయమని పెద్దలు చెప్పారు.

ముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మండీబజారు పక్క గల్లీలో ఉండే ఒక ఖాలా. భర్త లేరు. కొడుకు జెద్దాలో పని చేస్తాడు. వెళ్లేముందు తన ఆధార్ మీద ఒక సిమ్ తీసి అమ్మకు ఇచ్చిపోయాడు. బ్యాంకు ఖాతాకు ఆ నంబరే, గ్యాసుకు ఆ నంబరే, ఖాలా ఆధార్‌కూ, డిగ్రీ చదివే కూతురి ఆధార్‌కూ ఆ నంబరే. రీచార్జి కొడుకు అక్కడినుంచే చేసేవాడు. రంజాన్ వెళ్లాక అతని కంపెనీ మారింది, రెండు నెలలు జీతం రాలేదు, రీచార్జి ఆగింది. ఖాలా పక్కింటివాళ్లు ఇప్పించిన ఇంకో సిమ్ వేసుకుని మాట్లాడుకుంటూ ఉంది. పాత సిమ్ అల్మారాలో పడి ఉంది. డిసెంబరులో కూతురి స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆధార్ ఓటీపీ కావలసి వచ్చినప్పుడు ఆ సిమ్ తీసి ఫోనులో వేస్తే సిగ్నల్ లేదు. మేము ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో కుర్రాడు ఎత్తాడు. "అన్నా, ఈ నంబరు నేను మొన్ననే తీసుకున్న. ఎవరివో బ్యాంకు మెసేజులు నాకు వస్తున్నయ్, ఎవరికి చెప్పాల్నో తెలుస్తలేదు" అన్నాడు. మంచివాడు కాబట్టి సరిపోయింది. కానీ గడువు ఐదు రోజులే ఉంది. ఆధార్‌లో కొత్త నంబరు ఎక్కేసరికి ఆ తేదీ దాటిపోయింది. ఆ ఏటి ఫీజు మన జకాత్ నిధి నుంచి కట్టాం. మరో అవసరంలో ఉన్న ఇంకొకరికి వెళ్లవలసిన డబ్బు అది.

ఇక్కడ తప్పు ఎవరిదని వెతకడం కన్నా, నంబరు ఎట్లా చస్తుందో తెలుసుకోవడం అవసరం.

ప్లాన్ గడువు అయిపోవడం వేరు, నంబరు పోవడం వేరు. గడువు అయిపోతే ముందు బయటికి వెళ్లే కాల్స్ ఆగుతాయి, కొన్నాళ్లకు వచ్చేవీ ఆగుతాయి. అయినా నంబరు ఇంకా మీదే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో తెచ్చిన నిబంధన ప్రకారం, ప్రీపెయిడ్ నంబరు వరుసగా 90 రోజులు వాడకం లేకుండా ఉంటే తప్ప కంపెనీ దాన్ని తీసేయకూడదు. 90 రోజులు దాటినా మెయిన్ బ్యాలెన్స్‌లో 20 రూపాయలు ఉంటే, అవి కోసుకుని మరో 30 రోజులు నంబరును నిలపాలి. బ్యాలెన్స్ ఉన్నంతకాలం ఇట్లా నెలనెలా సాగుతుంది. అదీ అయిపోయి నంబరు ఆగిపోతే, తిరిగి తెరిపించుకోవడానికి 15 రోజుల వెసులుబాటు ఉంది. ఇందులో చాలామంది పొరపడే చోటు ఒకటుంది. 28 రోజుల ప్లాన్, 84 రోజుల ప్లాన్ వేయిస్తే ఆ డబ్బు మెయిన్ బ్యాలెన్స్‌లో ఉండదు. ఆ 20 రూపాయలు టాక్‌టైమ్ రీచార్జి ద్వారా విడిగా వేయించుకోవాలి. షాపులో అడిగి వేయించుకుని, బ్యాలెన్స్ ఎంత చూపిస్తోందో అక్కడే చూసుకోండి.

తీసేసిన నంబరు వెంటనే ఇంకొకరికి పోదు. కనీసం 90 రోజులు ఆగాకే కొత్తవారికి ఇస్తామని ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు చెప్పింది. ఆ కేసులో కోర్టు, పాత నంబరుతో ముడిపడిన వాట్సాప్ సమాచారాన్ని తీసేసుకోవడం వంటి జాగ్రత్తలు వినియోగదారుడే పడాలన్నది. ఈ లెక్కన ఖాలా నంబరు వాడకం ఆగిన రోజు నుంచి అపరిచితుడి చేతికి వెళ్లేవరకు ఆరు నెలలకు పైగా సమయం ఉంది. ఆ ఆరు నెలల్లో ఏ ఒక్కరోజు ఆ సిమ్ ఫోనులో వేసి చూసినా ఏదో ఒక దారి దొరికేది.

నంబరు పోవడానికి రెండో దారి, కంపెనీయే మూతపడడం. ఇది మనం కళ్లారా చూశాం. 2017 డిసెంబరు 1 నుంచి రిలయన్స్ కమ్యూనికేషన్స్ వాయిస్ కాల్స్ ఆపేసింది. వేరే కంపెనీకి మారడానికి ఆ నెలాఖరు వరకే గడువు. 2018 ఫిబ్రవరి ఆఖర్లో ఎయిర్‌సెల్ దివాలా పిటిషన్ వేసింది. దాని వినియోగదారులకు ఏప్రిల్ 15 వరకు పోర్టింగ్ గడువు ఇచ్చారు. టెలికాం లెక్కల్లో మన తెలంగాణ నేటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనే ఉంది. ఆ సర్కిల్‌లో ఎయిర్‌సెల్ సిమ్‌లు చాలా ఉండేవి. అదే ఏడాది మేలో టెలినార్ ఎయిర్‌టెల్‌లో కలిసింది, 2019 జూలైలో టాటా మొబైల్ సేవలూ అందులోనే కలిశాయి. ఒక కంపెనీ ఇంకోదానిలో కలిస్తే వినియోగదారుణ్ణి కొత్త కంపెనీ తీసుకుంటుంది, నంబరు నిలుస్తుంది. మూతపడితే మాత్రం మనమే కదలాలి.

కదలడం అంటే పోర్టింగ్. నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే ఈ సౌకర్యం దేశమంతా 2011 జనవరి 20న మొదలైంది. 2015 జూలై నుంచి రాష్ట్రం మారినా అదే నంబరు ఉంచుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో పోర్ట్ అని రాసి, కొంచెం ఎడం ఇచ్చి, మీ పదంకెల నంబరు రాసి 1900కు మెసేజ్ పంపాలి. ఎనిమిది అక్షరాల కోడ్ ఒకటి వస్తుంది. దానికి మన దగ్గర నాలుగు రోజులే గడువు. ఆ కోడ్, ఆధార్ తీసుకుని కొత్త కంపెనీ షాపుకు వెళ్లాలి. ఆ నంబరు పాత కంపెనీలో కనీసం 90 రోజులు నడిచి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బాకీ ఉండకూడదు. చిక్కు ఎక్కడంటే, ఆ మెసేజ్ పోవాలన్నా కోడ్ రావాలన్నా మామూలుగా పాత కంపెనీ సిగ్నలే కావాలి. టవర్లు ఆగిపోయాక దారి మూసుకుంటుంది. కాబట్టి కంపెనీ మూతపడుతోందని పేపర్లో చదివిన రోజే మెసేజ్ పంపాలి. "చివరి తేదీ ఇంకా ఉంది కదా" అని కూర్చున్నవాళ్లు ఎయిర్‌సెల్ రోజుల్లో షాపుల ముందు నిలబడి నిలబడి తిరిగొచ్చారు.

మరో సంగతి. పాత సిమ్ పాడైందనో పోయిందనో కొత్త సిమ్ తీసుకుంటే, ఆ సిమ్‌లో మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. మోసగాళ్లు మన పేరుమీద సిమ్ మార్పించుకుని ఖాతా ఊడ్చేయకుండా పెట్టిన అడ్డు అది. 2024 జూలై నుంచి, సిమ్ మార్చిన ఏడు రోజుల దాకా పోర్టింగ్ కోడ్ కూడా ఇవ్వరు. దరఖాస్తు చివరి రోజున సిమ్ మార్పించడానికి పోవద్దు.

ఇక సిమ్ ఎవరి పేరు మీద ఉంది అన్నది. ఖాలా విషయంలో అసలు ముడి ఇదే. కంపెనీ లెక్కలో ఆ నంబరు కొడుకుది. అల్మారాలోంచి సిమ్ తీసి ఆమె సకాలంలో షాపుకు పోయినా, "యజమాని వేలిముద్ర కావాలి" అనేవారు. యజమాని జెద్దాలో. మన ఇళ్లల్లో ఇది మామూలే. సిమ్ షాపువాడి పేరున, బావమరిది పేరున, చనిపోయిన మామగారి పేరున నడుస్తూ ఉంటుంది. కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో తెచ్చిన సంచార్ సాథీ వెబ్‌సైటులో మీ నంబరు వేసి, వచ్చిన ఓటీపీ కొడితే, మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో కనిపిస్తాయి. ఒకరి పేరున తొమ్మిదికి మించి ఉండకూడదు. మీది కాని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. మీరు వాడేది వేరేవారి పేరున ఉంటే, ఆ మనిషి ఊళ్లో ఉన్నప్పుడే ఇద్దరూ కలిసి షాపుకు వెళ్లి పేరు మార్పించుకోండి. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన కొడుకు విందులకు, పెళ్లిళ్లకు తిరుగుతాడు. అందులో ఒక పూట ఈ పనికి తీయమనండి.

గల్ఫ్‌కు పోయేవాళ్లకూ, ఉమ్రాకు పోయేవాళ్లకూ ఒక మాట. ఉమ్రా పదిహేను రోజుల పని, దానితో నంబరుకు ప్రమాదం లేదు. రెండేళ్ల అగ్రిమెంటు మీద పోయేవాళ్లు మాత్రం ఇక్కడి సిమ్‌ను ఇంట్లో పెట్టి మరిచిపోవద్దు. పోయేముందు రోమింగ్ తెరిపించుకుంటే ఓటీపీలు అక్కడే అందుకోవచ్చు. లేదంటే ఆ సిమ్‌ను ఇంట్లోవాళ్ల ఫోనులో రెండో సిమ్‌గా వేసి, నెలకోసారి ఒక కాల్ చేయించండి. ఇంట్లో పెద్దవాళ్లకు డేటా అవసరం లేకపోతే, కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్లాన్ అడగండి. అలాంటి ప్లాన్లు తప్పక పెట్టాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది, ప్రత్యేక ప్లాన్ల గడువును 365 రోజుల వరకు పెంచింది. ఏడాదికి ఒకసారి వేయిస్తే నెలనెలా గుర్తుంచుకునే బాధ ఉండదు.

ఇంత చెప్పినా నంబరు పోయిందే అనుకోండి. అప్పుడు ఏది ముందు, ఏది వెనుక?

ముందు ఆధార్. దీనికి పాత నంబరు అక్కరలేదు, కాగితాలూ అక్కరలేదు. ఆధార్ కేంద్రానికి మనిషి స్వయంగా వెళ్లి వేలిముద్ర వేసి, చిన్న రుసుము కట్టి, కొత్త నంబరు చెబితే చాలు. ఆధార్‌కు ఓటీపీ రావడం మొదలైతే మిగతా తలుపులు చాలావరకు తెరుచుకుంటాయి. రెండోది బ్యాంకు. పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని బ్రాంచికి వెళ్లి ఫారం నింపి, సంతకమో వేలిముద్రో పెట్టి మార్పించాలి. ఫోన్ చేసి "నేనే మారుస్తాను, వివరాలు చెప్పండి" అనేవాడు బ్యాంకువాడు కాదు. ఆ తర్వాతే ఫోన్‌పే, గూగుల్ పే. 2025 నుంచి బ్యాంకులూ, యూపీఐ యాప్‌లూ రద్దయిన నంబర్ల జాబితాతో తమ లెక్కలు సరిచూసుకోవాలన్న ఆదేశాలున్నాయి. కాబట్టి చచ్చిన నంబరు మీద యూపీఐ ఉన్నట్టుండి ఆగిపోతే కంగారు పడవద్దు, అది మీ డబ్బుకు కాపలాయే.

నంబరు ఇంకా బతికి ఉండగానే మార్చాలనుకుంటే పని సులువు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో నంబరు మార్చుకునే వీలుంది. అది చేస్తే గ్రూపులు, మాటలు కొత్త నంబరుకు వస్తాయి. చేయకపోతే మీ మసీదు కమిటీ గ్రూపులో, ఇంటి ఆడవాళ్ల గ్రూపులో మీ పాత నంబరు అట్లాగే ఉండిపోయి, రేపు అది ఎవరి చేతికి పోతుందో తెలియదు. జీమెయిల్‌లో పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తారు. వాటిని కాగితం మీద రాసి పాస్‌పోర్టుతోపాటు పెట్టుకోండి. ఫోను లేకున్నా వాటితో లోపలికి పోవచ్చు. ఇల్లంతటికీ ఒకే నంబరు పెట్టకండి. కనీసం చదువుకునే పిల్లల ఆధార్‌కు వేరే నంబరు ఉంచండి. ఖాలా ఇంట్లో తల్లి నంబరు పోతే కూతురి చదువు ఆగబోయింది.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. మీరు కొత్త సిమ్ తీసుకున్నారు, దాంట్లో ఎవరివో బ్యాంకు మెసేజులు, ఓటీపీలు వస్తున్నాయి. అది దారిలో దొరికిన పరాయి సొమ్ములాంటిదే, అమానత్. ఆ ఓటీపీ వాడి ఏ ఖాతా తెరవడానికీ చూడవద్దు, నలుగురికీ చూపించవద్దు. మెసేజ్‌లో కనిపించే బ్యాంకు బ్రాంచికి వెళ్లి "ఈ నంబరు ఇప్పుడు నాది, మీ ఖాతాదారుది కాదు" అని చెప్పండి. పాత యజమాని బంధువు ఫోన్ చేస్తే విసుక్కుని పెట్టేయకుండా ఒక్క ముక్క చెప్పండి. ఆ కుర్రాడు చెప్పబట్టే మాకు సంగతి తెలిసింది. అయితే పాత యజమానినంటూ ఫోన్ చేసి ఓటీపీ చదివి చెప్పమంటే మాత్రం చెప్పవద్దు. ఆ మనిషి ఎవరో మీకు తెలియదు. బ్రాంచికే పొమ్మనండి.

ఇదే భయాన్ని పట్టుకుని మోసగాళ్లు కూడా తిరుగుతున్నారు. "ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబరు ఆగిపోతుంది, తొమ్మిది నొక్కండి" అంటారు. నంబర్లు ఆపేస్తామని తాము ఎవరికీ ఫోన్ చేయమని ట్రాయ్ ఎన్నోసార్లు ప్రకటించింది. అలాంటి కాల్ వస్తే పెట్టేసి సంచార్ సాథీలోని చక్షు విభాగంలో తెలపండి. డబ్బు పోతే ఆ గంటలోనే 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో ఆ డబ్బును ఆపించే అవకాశం అంత ఎక్కువ.

ఈ పనుల్లో సాయం కావాలంటే శుక్రవారం జుమా నమాజు తర్వాత మన సొసైటీ ఆఫీసులో ఇద్దరు పిల్లలు కూర్చుంటారు. ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పాత సిమ్ ఉంటే అది, సిమ్ వేరేవారి పేరున ఉంటే వారి ఫోన్ నంబరు వెంట తెచ్చుకోండి. దరఖాస్తుకు చివరి తేదీ ఉంటే ముందే చెప్పండి, వాళ్లది ముందు చూస్తాం. ఓటీపీ వచ్చినప్పుడు మాత్రం మా పిల్లలకు కూడా చదివి చెప్పవద్దు. మీ ఫోనులో మీరే చూసి, మీరే నొక్కండి.