రెండేండ్ల మాట – డెబ్బది ఏండ్ల లేఖ



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో ‘కువైటు’ అన్న మాట వినని ఇల్లు లేదు. వాన మొగం చాటేసిన ఏడు, బోరు ఎండిన ఏడు, పెండ్లికి చేసిన అప్పు తీరని ఏడు ఎవరో ఒకరు పాస్‌పోర్టు చేతబట్టుకొంటారు. పోయేటప్పుడు అనే మాట ఒక్కటే: “రెండేండ్లే కదా!” ఇంటిపని ఒప్పందం మామూలుగా రెండేండ్లకే వ్రాస్తారు. కాని ఎందరికో ఆ రెండేండ్లు పదవుతాయి, ఇరవై అవుతాయి. ఈ ‘రెండేండ్ల’ మాటను పవిత్ర గ్రంథపు వెలుగులో పరిశీలిద్దాం.

1. ఇద్దరు ప్రవక్తలు

క్రీ.పూ. 597లో బబులోనియా రాజు నెబుకద్నెసరు యెరూషలేము నుండి రాజును, పెద్దలను, పనివారిని చెరపట్టి తీసుకొనిపోయాడు. అప్పుడు హనన్యా అనే ప్రవక్త రెండేండ్లలో అందరూ తిరిగి వస్తారని చాటాడు (యిర్మియా 28). చెవికి ఇంపైన మాట. యిర్మియా మాత్రం ప్రవాసులకు ఒక లేఖ పంపాడు (యిర్మియా 29). ఇండ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, బిడ్డల పెండ్లిండ్లు చేయండి, మీరున్న పట్టణపు మేలు కోరి ప్రార్థించండి, తిరిగివచ్చుటకు డెబ్బది ఏండ్లు పడుతుందని దాని సారాంశం.

దేవుని మాట రెండవది. ఎందుకు? బస్టాండులో మూట మీద కూర్చున్నవాడు చెట్టు నాటడు, పక్కవాని పేరు అడగడు. రెండేండ్ల మాట మనిషిని ఆ మూట మీదే కూర్చోబెడుతుంది. యిర్మియా వారిని లేపి నిలబెట్టాడు.

2. ఇల్లు అంటే ఏమిటి?

“స్వామీ, కువైటులో మనలాంటివారికి సెంటు భూమి కొనే వీలులేదు, పౌరసత్వం రాదు, ఇల్లెట్లా కట్టేది?” అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఏ వస్తువుకైనా నాలుగు కారణాలు చెప్పాడు. ఇంటికి అన్వయిస్తే: రాయి, సున్నం వంటి సామగ్రి, మనసులోని నమూనా, కట్టే మేస్త్రి, చివరగా ప్రయోజనం, అంటే మనుషులు అందులో కాపురముండటం. ఈ చివరిదే మిగిలిన మూడింటినీ నడిపిస్తుంది.

కువైటు సొమ్ముతో మన ఊళ్లలో లేచిన మిద్దెలు కొన్ని తాళం వేసి ఉన్నాయి. సామగ్రి ఉంది, నమూనా ఉంది, మేస్త్రి కూలి తీరింది. కాపురం లేదు. అక్కడ ఆరుగురు పడుకొనే గదికి పట్టా లేదు. అయినా ఒకరికి జ్వరం వస్తే మరొకరు గంజి కాచి ఇచ్చే చోట ఇంటి ప్రయోజనం నెరవేరుతున్నది. యిర్మియా చెప్పిన ఇల్లు ఇక్కడినుండే మొదలవుతుంది.

3. మన గడ్డ మీది పరదేశి

1820లో సి.పి. బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చాడు. తెలుగు నేర్చాడు. కడపలో బంగళా కొని, పండితులను పెట్టి, తెలుగు గ్రంథాలను పరిష్కరింపజేశాడు. ఆ చోటనే నేడు ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం ఉన్నది. పరదేశంలో ఇంటికి మొదటి ఇటుక అక్కడి భాష.

అయితే ఆయన పాలకుల మనిషిగా వచ్చాడు, మన చెల్లెళ్లు పనిమనుషులుగా పోతున్నారు. ఈ తేడాను దాచరాదు. వారికి భాషతోపాటు చట్టం కూడా తెలియాలి. కువైటు 2015లో చేసిన 68వ చట్టం ఇంటిపనివారికి వారానికొక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు హక్కుగా ఇచ్చింది. పోకముందే ఏజెంటు ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉన్నవాడో కాదో విచారించండి. పొలం తాకట్టు పెట్టి దొంగ వీసా కొన్నవాడు రెండు చోట్లా ఇల్లు పోగొట్టుకొంటాడు.

4. తిరుకుటుంబము

1952 ఆగస్టు 1న జగద్గురువులు పన్నెండవ పయస్ వలసదారుల గూర్చి వెలువరించిన ప్రకటనలో, ఐగుప్తుకు పారిపోయిన తిరుకుటుంబాన్ని వలస కుటుంబాలన్నింటికీ ఆదర్శంగా చూపారు. కువైటు నగరంలోని కేథడ్రల్ ఆ తిరుకుటుంబము పేరిటనే ఉన్నది. అహ్మదీలో అరేబియా మాత దేవాలయం ఉన్నది. అక్కడ శుక్రవారం సెలవు గనుక ఆ రోజు కూడా దివ్యపూజకు జనం చేరుతారు. ప్రయాణమయ్యేవారు జ్ఞానస్నాన ధ్రువపత్రం పెట్టెలో పెట్టుకోవాలి. అక్కడ మీరు పరాయివారు కారని చెప్పే కాగితం అదే.

కాని ఒక్క సంగతి మనలను కలవరపెట్టాలి. ఐగుప్తు దారిలో బాలయేసు తల్లి ఒడిలో ఉన్నాడు, పక్కన జోజప్పగారున్నారు. మన బిడ్డలు అవ్వ దగ్గర, తల్లి సముద్రం ఆవల. తల్లి పంపే డబ్బు బడి ఫీజు కడుతుంది, బిడ్డ జ్వరానికి నుదుట చేయి వేయలేదు. ఆ చేయి ఎవరిది? విచారణలోని మనందరిది. పరదేశంలో వారు ఇల్లు కట్టుకొనే భారం వారిదైతే, ఇక్కడి ఇంటిని ఇల్లుగా నిలిపే భారం మనది.

ధ్యానించుటకు:
1. మన వీధిలో తల్లి గాని తండ్రి గాని పరదేశంలో ఉన్న బిడ్డలెందరు? వారి పేర్లు మనకు తెలుసా?
2. పోయినవారికి ఫోనులో డబ్బు సంగతి కాక మరేమి అడుగుతున్నాము?
3. వారు పనిచేసే ఆ పట్టణపు క్షేమం కొరకు మనం ఎన్నడైనా ప్రార్థించామా?