తెరమీది సంసారము

పల్నాటి సీమయందు కృష్ణానదికి చేరువనున్న గ్రామము అచ్చంపేట. మిరపయు, ప్రత్తియు పండు నేల యిది. చలనచిత్రములు పల్లెలకు రాకపూర్వము ఇట్టి గ్రామములకు రాత్రివేళ వినోదమును తెచ్చినవారిలో తోలుబొమ్మలాటగాండ్రు ముఖ్యులు. పొలము పనులు తెమలిన దినములలోను, శివరాత్రి జాగరమునాడును, బొమ్మల పెట్టెతో ఒక కుటుంబము ఊరు చేరెడిది. వారు బయలులో గుంజలు పాతి, తెల్లని పంచెలు జోడించి తెర కట్టి, దాని వెనుక ఆముదపు దీపములు వెలిగించెడివారు. పిల్లలు, పెద్దలు చాపలు పరచుకొని తెరముందు కూర్చుండెడివారు. ఆట ముగియునప్పటికి తూరుపు తెల్లవారెడిది.

ఈ బొమ్మల తయారీ మిక్కిలి ఓర్పుతో కూడిన పని. మేకతోలును శుభ్రపరచి, వెలుగు దూరునంత పలుచగా చేయుదురు. దానిపై రూపమును గీసి, చిన్న ఉలులతో రంధ్రములు పొడిచి నగలను, చీరె అంచులను తీర్చుదురు. రెండు ప్రక్కలను రంగులు వేయుదురు. భుజములు, మోచేతులు, మణికట్లు విడివిడిగా కోసి, దారముతో ముడివేయుదురు. బొమ్మ నడుమ నిలువుగా ఒక బద్ద యుండును. చేతులను ఆడించుటకు వేరుగా పుల్లలుండును. కొన్ని బొమ్మలు మనిషియెత్తు ఉండును. కదలనక్కరలేని బొమ్మను ఈతముళ్లతో తెరకు గ్రుచ్చి నిలుపుదురు. హార్మోనియము, మద్దెల, తాళములు ప్రక్కవాద్యములు. యుద్ధఘట్టము వచ్చినప్పుడు ఆటగాడు కాళ్లక్రింది చెక్కపలకలను దడదడ త్రొక్కును. అంతటితో తెరమీద రెండు సైన్యములు ఢీకొన్నట్లు తోచును.

ఈ కళ నేటిది కాదు. కాకతీయుల కాలపు కవియైన పాల్కురికి సోమనాథుడు తన పండితారాధ్య చరిత్రమున దీనిని ప్రస్తావించెను. ఆటకు కథలు రామాయణ భారతములే. ఆ కథలు ఊరివారికి కంఠోపాఠములు. రాముడు గెలుచుననియు, రావణుడు కూలుననియు పసిపిల్లలకును తెలియును. అట్లయ్యును రాత్రి యంతయు జనులు కదలక కూర్చుండుటకు మరియొక కారణము కలదు. నడుమ నడుమ తెరమీదికి ఒక హాస్యకుటుంబము వచ్చును. బంగారక్క గయ్యాళి; ఆమె నోటికి ఎదురులేదు. ఆమె మగడు జుట్టుపోలిగాడు అమాయకుడు. తిట్లు తినుటకే పుట్టినట్లుండును. వారి కాపురములో తగవులు పెట్టి తమాషా చూచువాడు కేతిగాడు. జట్టును బట్టి వీరి వరుసలు కొంత మారుచుండును గాని, వీరు లేని ఆట లేదు.

వీరి ధోరణి తెలియుటకు ఒక ఘట్టమును ఊహింపుడు. హనుమంతుడు లంకను కాల్చి వెడలినాడు. అర్ధరాత్రి దాటినది. చూచువారి కన్నులు మూతలు పడుచున్నవి. అంతలో కేతిగాడు తెరమీదికి దుమికెను.

"లంకంతా కాలిపోయిందట, విన్నావా బంగారక్కా?"

"లంక సంగతి నాకెందుకురా? మా యింట్లో పొయ్యి పొద్దుటినుంచీ రాజుకోలేదు. తోక ఆరకముందే ఆ హనుమంతుణ్ణి ఒక్కసారి యిటు రమ్మను!"

"పొయ్యి ఆయన రాజేస్తాడు సరే, గింజలెవరు తెస్తారే?" అని జుట్టుపోలిగాడు మెల్లగా అడిగెను.

"నిన్న సంతకు పంపానుగా, తెచ్చిన గింజలేవీ?"

"దారిలో షావుకారు కనబడ్డాడు. పాత బాకీ కింద మూటతో సహా తీసుకున్నాడు. నన్ను మాత్రం వదిలిపెట్టాడే!"

"నిన్ను తీసుకుని గింజలు వదిలిపెట్టమనలేకపోయావా?"

జనులు గొల్లున నవ్వుదురు. నిదురించువారు లేచి కూర్చుందురు. ముందువరుసలోనున్న షావుకారు సైతము నవ్వక తప్పదు. కోపించినచో ఆ మాట తనకే తగిలినదని అందరును అనుకొందురు గదా!

ఈ నవ్వు వెనుక ఒక సత్యమున్నది. అయోధ్య అంతఃపురమును చూపిన తెరమీదనే బంగారక్క పొయ్యియు కనబడినది. రాజుల దుఃఖమునకు ఎంత చోటున్నదో, గింజలు లేని కొంపకును అంత చోటు దొరకినది. పేదవాడు తన కష్టమును తానే చూచి నవ్వుకొనును. ఆ నవ్వుతో బరువు కొంత తగ్గును. షావుకారు ముఖము చూచి అనరాని మాట బొమ్మ నోట చెల్లును.

ఇట్టి హాస్యకుటుంబములు ఇతర దేశములయందును గలవు. జావా ద్వీపపు తోలుబొమ్మలాటలో భారతవీరుల సరసన సెమార్ అను విదూషకుడును, అతని మువ్వురు కొడుకులును వచ్చి నవ్వింతురు. అమెరికాలో 1989వ సంవత్సరమున దూరదర్శన ప్రసారముగా మొదలైన 'ది సింప్సన్స్' అను బొమ్మల ధారావాహిక మూడు దశాబ్దములు దాటి సాగినది. దాని భాగములు ఏడువందల యాభైకి మించినవి. అందలి కుటుంబపు పెద్ద హోమర్ అణువిద్యుత్కేంద్రములో పనిచేయు సోమరి. అతని కుమారుడు బార్ట్ పదేండ్లవాడు. కూతురు లీసా ఎనిమిదేండ్లది. ఎన్ని సంవత్సరములు గడచినను వారి వయస్సు పెరుగలేదు. కేతిగాడును అంతియే. తాతలు చూచినప్పుడును, మనుమలు చూచినప్పుడును అతనికి ముసలితనము లేదు. రాత్రి ఎంత తగవు జరిగినను, మరునాడు మరియొక ఊరిలో బంగారక్క సంసారము మొదటికి వచ్చును. మనుష్యులు మారరు, వారి నోటి మాట మాత్రము కాలమును బట్టి, ఊరిని బట్టి మారుచుండును.

అయినను ఈ రెంటికిని ఒక పెద్ద భేదము కలదు. సింప్సన్స్ కథలను రచయితలు ముందుగా వ్రాయుదురు. చిత్రములు భద్రముగా నిలిచియుండును. కేతిగాని మాటలను వ్రాసి పెట్టుకొను వాడుక లేదు. ఆటగాడు ఊరు చేరిన పగటివేళ ఆ ఊరి ముచ్చట్లు విని, రాత్రి వానినే హాస్యముగా మలచును. తెర వెనుక ఉన్నదియు ఒక కుటుంబమే. తండ్రి బొమ్మనాడించును, తల్లి స్త్రీపాత్రలకు గొంతునిచ్చును, పిల్లలు తాళము వేయుచు నేర్చుకొందురు. ఈ కుటుంబములలో పెక్కింటి యింటిభాష మరాఠీకి చెందిన యాస. తెరముందు మాత్రము వారిది అచ్చమైన తెలుగు. ఆ తెలుగంతయు వినికిడి వలననే తండ్రినుండి కొడుకునకు వచ్చినది.

చలనచిత్రములును, పిమ్మట దూరదర్శనమును వచ్చినప్పటినుండి ఆటకు పిలుచువారు తగ్గిరి. బొమ్మలు చేయు చేతులు మాత్రము వేరొక దారి వెదకుకొన్నవి. నరసరావుపేట, అనంతపురము వైపు నిమ్మలకుంట మొదలగు తావులలోని కళాకారులు తోలుపై దేవతారూపములను తీర్చి దీపపు గుమ్మటములుగను, గోడకు వ్రేలాడదీయు పటములుగను అమ్ముటకు మొదలిడిరి. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020వ సంవత్సరమున పద్మశ్రీ పురస్కారము లభించినది. ఇది సంతోషింపదగిన విషయము. చేతిపనికి గౌరవము దక్కినది; కుటుంబములకు జీవనము దొరకినది.

కాని రాముని బొమ్మను గోడకు వ్రేలాడదీయవచ్చును గాని, బంగారక్క సమాధానమును వ్రేలాడదీయుటకు గోడ లేదు. అది ఆటగాని గొంతులో పుట్టి, జనుల నవ్వులో బ్రదుకును. వృద్ధుడైన ఆటగాడు కన్నుమూసినప్పుడు ఎన్నియో రాత్రుల హాస్యము అతనితోడనే పోవుచున్నది. పల్నాటి గ్రామములలో ఆ రాత్రులను కండ్లార చూచిన తాతలును, అవ్వలును ఇంకను కొందరున్నారు. కేతిగాడు ఏమనెను, బంగారక్క ఏమని బదులిచ్చెను అని అడిగినచో వారి ముఖము వికసించును. ఆ మాటలను విని వ్రాసి పెట్టుట గొప్ప విద్వాంసులు మాత్రమే చేయదగిన పని కాదు. ఒక నోటుపుస్తకమును, ఓపికగల చెవియు ఉన్న ఏ విద్యార్థియైనను చేయగలడు.