బండి పొగ – నేను చేసిన తప్పు

పోయినసారి గోడపత్రికలో నేను కొండచీపుర్ల గురించి వ్రాసేను. ఈసారి పాత పికప్ బండి పొగ గురించి వ్రాస్తున్నాను. ఆడపిల్లకి బండి సంగతులెందుకు అని నవ్వకండి. ఎందుకో చెప్తాను.

మా మావయ్యకి పాత డీజిల్ పికప్ వుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మా వూరి నుండి సంతకి మనుషుల్నీ, కాఫీ బస్తాల్నీ తీసుకెళ్ళేది అదే. రాత్రిపూట ఎవరికైనా నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్ళేది కూడా అదే. సంక్రాంతి సెలవులకి నేను ఇంటికి వెళ్ళేసరికి అది ఘాట్ ఎక్కుతుంటే వెనక రోడ్డు కనబడనంత పొగ వస్తున్నది. కింద పట్నంలో ఒక షెడ్డులో చూపిస్తే కాగితం మీద లెక్క వ్రాసి ఇచ్చేరట. మావయ్యకి చదువు రాదు. మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని నేనే మొదలు, అందుకని నన్ను చదవమన్నాడు. బోరు, పిస్టన్లు, రింగులు, కూలి, మొత్తం 38,000 రూపాయలు. నేను చదువుతుండగానే అత్త లేచి ఆవుల పాక వైపు వెళ్ళిపోయింది. వున్నవి రెండే ఆవులు.

ముందు ఇంజిన్ ఎలా పనిచేస్తుందో చెప్పాలి. డీజిల్ అనేది ఒక మనిషి పేరు. జర్మనీ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ గారి ఇంజిన్ 1897లో బాగా నడిచి చూపించింది. పెట్రోలు ఇంజిన్‌లో లాగ ఇందులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు వుండదు. పిస్టన్ గాలిని ఇంచుమించు ఇరవయ్యో వంతుకి నొక్కేస్తుంది. సైకిలు పంపు గబగబా కొడితే కింద వేడెక్కుతుంది కదా, అలాగే ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ డీజిల్‌ని మంచులాగ సన్నగా చిమ్ముతుంది, అది అంటుకుంటుంది. గాలి చాలకపోయినా, డీజిల్ ఎక్కువైనా, నాజిల్ సన్నగా చిమ్మకుండా కార్చినా పూర్తిగా కాలదు. కార్బన్ మిగిలి మసిగా బయటికొస్తుంది. దీపం వత్తి ఎక్కువ లేపితే చిమ్నీకి మసి పట్టినట్టే. ఇది నల్లపొగ.

నీలంపొగ అంటే ఇంజిన్ ఆయిలు కాలుతున్నదని. రింగులు అరిగితే ఆయిలు పైకి ఎక్కి కాలుతుంది. తెల్లపొగ రెండు రకాలు. చలిలో ఉదయం స్టార్టు చెయ్యగానే వచ్చి కాసేపటికి పోతే భయం లేదు. లంబసింగి వైపు వాళ్ళకి ఇది బాగా తెలుసు. పోకుండా వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్ పోయి నీళ్ళు లోపలికి దిగుతున్నాయేమో చూపించాలి. (వేడి మీద రేడియేటర్ మూత తియ్యకూడదు. మొహం కాలిపోతుంది.)

ఈ రంగులు తెలుసుకొని నేను పెద్ద తెలివైనదాన్ని అనుకున్నాను. తెల్లారి మలుపు దగ్గర నిలబడి చూసేను. పొగ నీలంగా కనిపించింది. "నీలమే మావయ్యా, ఆయిలు కాలిపోతుంది" అని చెప్పేసేను. మావయ్య ఏమీ అనలేదు. వచ్చే సంతలో ఆవుల బేరం అడుగుతానన్నాడు.

ఆ సాయంత్రం బస్తాలు దింపడానికి వెళ్తూ రోడ్డు మీద పంక్చర్లు వేసే ముసలి మేస్త్రీ దగ్గర ఆగేం. ఆయన బండి కాదు, ముందు నన్ను అడిగేడు. "ఎక్కడ నిలబడి చూసేవు పాపా? వెనక అడివుందా, ఆకాశముందా?" అడివి అన్నాను. పల్చటి పొగ వెనక నల్లటి చెట్లుంటే నీలంగా కనబడుతుందట. అదే పొగ ఆకాశం మీద గోధుమరంగులో కనబడుతుందట. మన పాకల్లోంచి పొద్దున్న లేచే కట్టెల పొగ కూడా అంతే, కావాలంటే చూడండి. "రంగొకటే చూసి చెప్పకు. ఎప్పుడొస్తుంది, ఏం వాసనేస్తుంది, ఆయిలు తగ్గుతుందా, నీళ్ళు తగ్గుతున్నాయా, ఇవన్నీ చూడాల" అన్నాడు.

ఆయన ఒక తెల్లగుడ్డని కర్రకి కట్టి సైలెన్సర్‌కి జానెడు దూరంలో పెట్టమన్నాడు. గుడ్డకి నూనె జిడ్డు అంటలేదు. దులిపితే రాలే పొడిమసి అంటింది. తరవాత ఇంజిన్ నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి చూసేడు. రింగులు బాగా అరిగిపోతే అక్కడినుండి భుస్సుమని పొగ తన్నుతుందట. తన్నలేదు. అయినా ఆయన వెంటనే తేల్చలేదు. ఐదు రోజులు చూడమన్నాడు.

నేను ప్రతి ఉదయం ఇంజిన్ చల్లగా వున్నప్పుడు, బండి చదును నేల మీద వున్నప్పుడు ఆయిలు పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ పెట్టి తీసి, గీత ఎక్కడుందో నోటుబుక్కులో గీసేను. నీళ్ళు కూడా వ్రాసేను. ఐదు గీతలూ ఒక్కచోటే వున్నాయి. ఆయిలు తగ్గివుంటే షెడ్డువాళ్ళ కాగితమే నిజమయ్యేది. నాకు ఐదు రాత్రులూ సరిగ్గా నిద్రపట్టలేదు.

ఆరో రోజు మేస్త్రీ ఎయిర్ ఫిల్టరు విప్పేడు. దీపావళి నుండి మా దగ్గర రోడ్డు పని జరుగుతున్నది. కాగితం మడతల నిండా ఎర్రదుమ్ము. ఎండకి ఎత్తి పట్టుకుంటే వెలుతురు ఇటు రాలేదు. కడిగేద్దామా అన్నాను. కాగితం ఫిల్టరు కడిగితే పాడవుతుంది, అది లేకుండా నడిపితే దుమ్ము లోపలికెళ్ళి నిజంగానే బోరు అరిగిపోతుంది అన్నాడు. కొత్తది 450 రూపాయలు. నాజిళ్ళు తీయించి శుభ్రం చేయించడానికి ఇంకో 1,800.

పొగ మొత్తం పోలేదు, వున్నమాట చెప్పాలి. బస్తాలు ఎక్కువేస్తే ఘాట్ మీద కొంచెం నల్లగా వస్తుంది. పాడేరు ఇంచుమించు 900 మీటర్ల ఎత్తులో వుంది. సముద్రం దగ్గర కంటే అక్కడ గాలి నూటికి ఎనిమిది తొమ్మిది వంతులు పల్చగా వుంటుంది. పాత పంపుకి ఆ సంగతి తెలీదు, డీజిల్ అంతే పోస్తుంది.

ఇంకొక సంగతి. చలికని వెనక టార్పాలిన్ మూసుకొని కూర్చుంటాం కదా, పొగ అందులోకి చేరుతుంది. మా తమ్ముడు వాంతి చేసుకుంటే ఘాట్ తిరుగుడు అనుకునేవాళ్ళం. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా వుంటుంది, దానికి రంగూ వాసనా వుండదు. డీజిల్ పొగ మనుషులకి క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది. ఇప్పుడు మావయ్య టార్పాలిన్ పక్కలు కట్టనివ్వడం లేదు. ముసలివాళ్ళు చలని తిడుతున్నారు.

పోయిన ఆదివారం మావయ్య నన్ను చూడడానికి హాస్టలుకి వచ్చేడు. ఆవులు పాకలోనే వున్నాయట, ఒకటి చూడిదట. ఆ రాత్రి మా చుట్టాల ఇంట్లో పడుకొని, తెల్లారి గేటు దగ్గర బండి స్టార్టు చేస్తే గుప్పున తెల్లపొగ వచ్చింది. వరండాలో పళ్ళు తోముకుంటున్న పిల్లలు "అయ్యో, పాడైపోయిందే" అన్నారు. వుండండి, లెక్కపెట్టండి అన్నాను. వంద కూడా అవ్వలేదు, పోయింది.

– 9వ తరగతి విద్యార్థిని