బీడీ మానినంక వచ్చే కలలు





పంచశీల తీసుకున్నవాళ్లలో చాలామంది కల్లు, సారా విడిచిపెట్టిండ్రు. బీడీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం “అది మత్తు కాదు కదా” అంటరు. మానుదామని మొదలుపెట్టినోళ్లు కొందరు వారం దినాలకే మళ్లీ అంటిస్తరు. ఎందుకని అడిగితే “రాత్రి కలలు పడుతున్నయి, ఏదో సోకినట్టున్నది” అంటరు. చదువుకునే పిల్లలేమో “ముందు ముందు మెదడుల చిప్పు పెడితే అన్నీ పోతయి, ఇప్పుడెందుకీ తిప్పలు?” అంటరు. ఈ పాఠంలో ఆ మూడు మాటలకు జవాబు చూద్దాం.

1. పంచశీలలో బీడీ ఎక్కడున్నది?

సూటిగా చెప్పుకుందాం. అయిదవ శీలంలో పొగాకు పేరు లేదు. ఉండే వీలు కూడా లేదు. పొగాకు అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు వర్తకుల ద్వారా మన దేశానికి వచ్చి నాలుగు వందల ఏండ్లు దాటింది, అంతే. బుద్ధుని కాలం వాళ్లకు అది తెలియదు. మన మండలంలోని పాండవుల గుట్టల మీద రాతిబొమ్మలు గీసిన ఆదిమ మనుషులకూ తెలియదు. “తాతల కాలం నుంచి వస్తున్న అలవాటు” అని మనం అనుకునేది నిజానికి నిన్న మొన్నటిది.

అయితే శీలాన్ని పేర్ల పట్టీలా చదవొద్దు. అయిదవ శీలం అసలు భయపడేది పమాదానికి, అంటే ఏమరుపాటుకు. చేతికి తెలియకుండానే జేబులోకి చెయ్యి పోవడం, తెలియకుండానే కట్ట ఖాళీ కావడం ఏమరుపాటు కాదా? మొదటి శీలం హింస చేయొద్దంటుంది. ఒకే అర్ర ఇంట్లో తండ్రి వదిలిన పొగను పసిపిల్ల పీలుస్తది. అది కూడా హింసే. నాగపూర్‌లో 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞలు చేయించింది మనం కొత్త మనుషులం కావాలనే. ఆ కొత్త మనిషి ఒళ్లు కూడా బానిసత్వంలో ఉండొద్దు.

“సిగరెట్టు కంటే బీడీ నయం” అనే మాట కూడా తప్పు. బీడీలో పొగాకు తక్కువే. కానీ తునికాకు తొందరగా ఆరిపోతది కాబట్టి మాటిమాటికి, గట్టిగా పీల్చాల్సి వస్తది. అందుకే విషం తక్కువ కాదు. ఎండాకాలంలో మన ఆడవాళ్లు అడవిలో తునికాకు తెంపి, యాభై ఆకులకొక కట్ట కడితే నాలుగు పైసలొస్తయి. అదే ఆకు బీడీ అయి తిరిగొచ్చి మన కూలి పైసలను గుంజుకపోతది. రోజుకు 30 రూపాయలు పొగకు పోతే ఏడాదికి 10,950 రూపాయలు. పిల్ల చదువుకు ఎన్ని పుస్తకాలు, ఎన్ని బస్సు పాసులు వస్తయో లెక్క వేసుకోండి.

ఇంకొక మాట మనం దాచొద్దు. కూలి పనిలో ఊరికే కూర్చున్నోణ్ని ఆసామి గదమాయిస్తడు. బీడీ అంటించినోణ్ని మాత్రం అయిదు నిమిషాలు ఏమనడు. అంటే చాలామందికి బీడీ పేరు మీద దొరికేది విశ్రాంతి. మానేటోడు బీడీని విడవాలె గానీ ఆ అయిదు నిమిషాలను విడవొద్దు. నీళ్లు తాగు, నీడకు కూర్చో, శ్వాస చూసుకో. విశ్రాంతి మన హక్కు, దానికి పొగ సాకు అక్కరలేదు.

2. మానినంక ఒంట్లో ఏమైతది?

పొగ పీల్చిన కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతది. మెదడు దానికి అలవాటు పడి, అది రాకుంటే అడగడం మొదలుపెడుతది. చిరాకు, తలనొప్పి, ఆకలి, నిద్ర చెదరడం అందుకే. మొదటి రెండు మూడు రోజులు గట్టిగా ఉంటది. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి తగ్గుతది. ఇంకోపక్క మేలు కూడా వెంటనే మొదలైతది. ఒక్క రోజు తిరగకముందే రక్తంలోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి దిగుతది. ఏడాది నిలబడితే గుండెజబ్బు ప్రమాదం, పొగతాగే మనిషితో పోలిస్తే దాదాపు సగమైతది.

ఇక కలలు. మానిన వారాల్లో కలలు మునుపటికంటే స్పష్టంగా, రంగులతో, నిజంగా జరిగినట్టే వస్తయి. చాలామందికి వచ్చే కల ఒకటే తీరు: ఎక్కడో నలుగురిలో కూర్చొని, మరిచిపోయి బీడీ అంటిస్తరు. సగం తాగినంక గుర్తుకొస్తది. “అయ్యో, మాట తప్పిన” అని చెమటలతో లేస్తరు. లండన్‌లో హాయెక్, బెల్చర్ అనే ఇద్దరు పరిశోధకులు 1991లో దీని మీద ఒక అధ్యయనం ప్రకటించిండ్రు. పొగ మాని ఒకటి నుంచి నాలుగు వారాలైన 293 మందిని అడిగితే, మూడింట ఒక వంతు మందికి అట్లాంటి కల పడ్డది. పొగతాగే రోజుల్లో వాళ్లలో దాదాపు ఎవ్వరికీ ఆ కల రాలేదు. ఆ కల వచ్చినోళ్లే తర్వాత ఎక్కువగా మాట మీద నిలబడ్డరని కూడా తేలింది.

కాబట్టి ఆ కల ఓడిపోతున్నందుకు గుర్తు కాదు. ఏదీ సోకలేదు. పాత అలవాటు ఇల్లు ఖాళీ చేస్తూ చప్పుడు చేస్తున్నది, అంతే.

3. కలల గురించి ధమ్మం ఏమంటుంది?

మహాసుపిన జాతకం అని ఒక కథ ఉన్నది. కోసల రాజు పసేనదికి ఒకే రాత్రి పదహారు కలలొచ్చినయి. భయపడి పురోహితులను పిలిచిండు. వాళ్లు “రాజ్యానికో, ప్రాణానికో, సంపదకో ముప్పు” అని చెప్పి, నాలుగు బాటల కూడలిలో పెద్ద యజ్ఞం చేయాలన్నరు. బలికి పశువులను తోలుకొచ్చుడు మొదలైంది. మల్లికా రాణి అడ్డుపడి “ముందు బుద్ధుణ్ని అడగండి” అన్నది. బుద్ధుడు ఒక్కొక్క కల విని, వాటివల్ల నీకేం భయం లేదన్నడు. యజ్ఞం ఆగింది, పశువులు బతికినయి.

మన ఊళ్లలో ఇవాళ కూడా కల పడితే తాయెత్తు, కోడి, కొబ్బరికాయ అంటరు. భయపడ్డవాని కల ఎప్పుడూ ఇంకొకడికి పైసలే. మల్లిక చేసిన పనిని మన ఇంటి ఆడవాళ్లు చేయాలె: “ఆగు, ముందు తెలుసుకుందాం” అనాలె.

మిలింద రాజు కలల గురించి అడిగితే నాగసేన భిక్షువు ఆరు కారణాలు చెప్పినట్టు మిలిందపన్హలో ఉన్నది. వాతం, పిత్తం, శ్లేష్మం, దేవతల ప్రభావం, తాను అలవాటుగా చేసే పనులు, రాబోయేదాని సూచన. ఇందులో దేవతలనూ, సూచననూ మనం ఎట్ల చూడాలె? బుద్ధికి నిలిచేదీ, మనిషి మేలుకు పనికొచ్చేదే బుద్ధుని మాట అని బాబాసాహెబ్ ‘బుద్ధుడు–ఆయన ధమ్మం’లో కొలత ఇచ్చిండు. ఆ కొలతతో చూస్తే మిగిలేవి ఒంటి స్థితి, అలవాటు. బీడీ కలకు ఆ రెండూ సరిపోతయి.

“కలలో తాగితే శీలం తప్పినట్టేనా?” అని అడిగేవాళ్లున్నరు. కాదు. భిక్షువుల వినయంలో మొదటి సంఘాదిసేస నియమం కలలో జరిగినదాన్ని దోషం నుంచి మినహాయించింది. కమ్మ అంటే చేతన, అంటే తెలిసి చేసే సంకల్పం. నిద్రలో అది లేదు. అంత కఠినమైన వినయమే వదిలిపెట్టినదానికి మనం మనలను శిక్షించుకోవడమెందుకు? కల నుంచి లేవంగనే “ఇది కల. నేను తాగలేదు” అని మెల్లగా అనుకోండి. “ఎట్లాగూ తప్పిన, ఇంకొకటి తాగుతా” అనే ఆలోచన వస్తే దాన్ని గుర్తుపట్టండి. మనిషిని పడగొట్టేది కల కాదు, పొద్దున వచ్చే ఆ ఆలోచన.

4. రేపటి యంత్రం మన బీడీ మాన్పిస్తదా?

యంత్రాన్ని తిట్టడం మన దారి కాదు. యంత్రం వల్లనే మనిషికి పశువు బతుకు తప్పి తీరిక దొరుకుతదని, ఆ తీరిక ఉంటేనే సంస్కృతి పెరుగుతదని బాబాసాహెబ్ వాదించిండు. కాబట్టి కొత్తది రాంగనే భయపడొద్దు, రాంగనే మొక్కొద్దు. ఇప్పటిదాకా ఏం జరిగిందో చూద్దాం.

ఎలక్ట్రానిక్ సిగరెట్టు “పొగ లేని పొగ” అని వచ్చింది. నికోటిన్ మాత్రం అందులోనూ ఉన్నది. మన దేశం 2019లో దాన్ని నిషేధించింది. నికోటిన్‌ను మెదడుకు చేరనీయని టీకా కోసం అమెరికాలో చాలా ఖర్చు పెట్టిండ్రు. 2011లో చివరి దశ పరీక్షల్లో అది ఉత్త మందు కంటే మెరుగని తేలలేదు. తల మీద అయస్కాంత తరంగాలు పంపి కోరిక తగ్గించే యంత్రానికి అమెరికా 2020లో అనుమతి ఇచ్చింది. అది కొందరికి తోడ్పడుతది.

కలల సంగతి ఇంకా వింత. జపాన్‌లోని క్యోటోలో శాస్త్రవేత్తలు 2013లో, నిద్రలోకి జారుతున్న ముగ్గురి మెదళ్లను స్కాన్ చేసి, వాళ్లకు ఏ రకం వస్తువులు కనిపిస్తున్నయో యంత్రంతో కొంతవరకు పోల్చుకోగలిగిండ్రు. అంటే రేపు మన కలను ఇంకొకరు చదివే రోజు రావచ్చు. అప్పుడు పసేనదిని యాది చేసుకోవాలె. ఆ కాలంలో కలను చదివినోళ్లు పశువులను అడిగిండ్రు. రేపు కలను చదివే కంపెనీ ఏం అడుగుతదో? ఎవరి చేతిలో యంత్రమున్నది, ఎవరికి లాభం అని అడగడం మనకు అలవాటు కావాలె.

ఇంకొక ఉదాహరణ మనకు దగ్గరిది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 88 మంది పొగతాగేవాళ్లకు రెండు రకాల శిక్షణ ఇచ్చి, ఫలితాన్ని 2011లో ప్రకటించిండ్రు. ఒక గుంపుకు సతి, అంటే ఎరుక, నేర్పిండ్రు. ఇంకో గుంపుకు మామూలు శిక్షణ. పదిహేడు వారాలకు ఎరుక నేర్చిన గుంపులో 31 శాతం మంది, రెండో గుంపులో 6 శాతం మంది పొగకు దూరంగా ఉన్నరు. తర్వాత అదే శిక్షణను ఫోన్ యాప్‌లో పెట్టి పరీక్షించిండ్రు. ఆ పరీక్షలో మానినోళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మనుషులు కలిసి కూర్చొని నేర్చుకునేదాన్ని ఫోన్‌లోకి ఎత్తితే అదే పని చేస్తదని నమ్మకం పెట్టుకోలేం.

ఒకవేళ నిద్రలోనే కోరికను తుడిచిపెట్టే చిప్పు వచ్చిందే అనుకుందాం. బీడీ పోతది. తృష్ణ పోతదా? బీడీ మాని రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో వేలు తిప్పేవాళ్లు మనలో లేరా? బీడీ తృష్ణకు ఒక బట్ట మాత్రమే. బట్ట మార్చడం యంత్రం చేస్తది. లోపలున్నదాన్ని చూడటం మనమే చేయాలె.

5. గోదావరి ఒడ్డు ప్రశ్న

ఈ మాట మనకు కొత్త కాదు. సుత్తనిపాతంలోని పారాయనవగ్గ ప్రకారం, గోదావరి ఒడ్డున బావరి అనే గురువు ఉండేవాడు. ఆయన పదహారు మంది శిష్యులను బుద్ధుని దగ్గరికి పంపిండు. వాళ్లలో మొదట మాట్లాడిన అజితుడు, అన్ని దిక్కులా పారే ఈ ప్రవాహాలను ఆపేది ఏమిటని అడిగిండు. సతి వాటికి అడ్డుకట్ట, ప్రజ్ఞ వాటిని మూసేది అని బుద్ధుడు చెప్పిండు.

చెరువు కింద బతికేవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర లేదు. వరద రాకుండ ఎవరూ ఆపలేరు. కట్ట గట్టిగుంటే వరద వచ్చి తనంతట తనే తగ్గుతది. కోరిక కూడా అంతే. చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే లేచి, పడిపోతది.

6. ఈ వారం సాధన

కోరిక లేవంగనే ఆగండి. అది ఒంట్లో ఎక్కడున్నది చూడండి: గొంతులోనా, నాలుక మీదనా, వేళ్లలోనా? దాన్ని తిట్టొద్దు, దాని మాట వినొద్దు. ఇరవై శ్వాసలు లెక్కపెట్టండి. తగ్గిందా, పెరిగిందా చూడండి. నీళ్లు తాగి పనిలోకి పోండి.

కల పడితే దాచుకోవద్దు. పొద్దున ఇంట్లోవాళ్లకో, వందనకు వచ్చే తోటివాళ్లకో చెప్పండి. చెప్పిన కలకు భయం తక్కువ.

సాయం తీసుకోవడం సిగ్గు కాదు. పొగాకు మానేవాళ్ల కోసం ప్రభుత్వ ఉచిత నంబర్ 1800-11-2356. పొగాకు డబ్బాల మీద కూడా ఉంటది. నికోటిన్ పట్టీ వాడేవాళ్లకు కలలు ఎక్కువైతే, రాత్రి తీసి పడుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి. దగ్గులో రక్తం పడ్డా, నోట్లో పుండు మానకున్నా, మనసు రెండు వారాలుగా కుంగిపోయి ఉన్నా కలల మీద నెట్టకుండా దవాఖానకు పోండి.

ఇక సంఘంగా మనం చేయగలిగింది ఒకటున్నది. అంబేద్కర్ భవనంలో, జయంతి ఊరేగింపులో, చావు దగ్గర కూర్చున్నప్పుడు, మానుతున్న తమ్మునికి బీడీ చాపొద్దు. వద్దన్నోణ్ని నవ్వులాట పట్టించొద్దు. ఒక్క మనిషి కట్టే కట్ట చిన్నది. ఊరంతా మట్టి పోస్తే చెరువు కట్ట అయితది.

చర్చకు ప్రశ్నలు

ఒకటి: మీ ఇంట్లో ఏడాదికి పొగాకు ఖర్చు ఎంత? కాగితం మీద లెక్క వేసి తీసుకరండి.

రెండు: పని దగ్గర బీడీ లేకుండా అయిదు నిమిషాల విశ్రాంతి ఎట్ల అడుగుతరు?

మూడు: కలను యంత్రం చదివే రోజు వస్తే, దాన్ని ఎవరికి చూపిస్తరు, ఎవరికి చూపించరు? ఎందుకు?

భవతు సబ్బ మంగళం. జై భీమ్!