ఒక్క పంటనే నమ్ముకుంటే?



"అన్నం తిన్నారా?" అన్నది మన ఇళ్ళలో కుశల ప్రశ్న. ఆ అన్నం స్థానంలో పంజాబువారికి గోధుమ రొట్టె, మెక్సికోవారికి మొక్కజొన్న రొట్టె, నైజీరియావారికి కర్రపెండలం ఉంటాయి. వరి, గోధుమ, మొక్కజొన్న - ఈ మూడు పంటలే మానవాళి ఆహారశక్తిలో 40 శాతానికి పైగా అందిస్తున్నాయి. ఇది మేలా, ప్రమాదమా? చరిత్రను అడుగుదాం.

ఐర్లండు దేశంలో పేద కౌలురైతులకు బంగాళాదుంపే అన్నం. కొద్దిపాటి చెక్కలో కుటుంబానికి సరిపడా పండేది. చాలామంది 'లంపర్' అనే ఒకే రకం వేసేవారు. దుంపను ముక్కలు చేసి నాటుతారు కనుక మొక్కలన్నీ ఒకే పోలికవి. ఒకదాన్ని చంపే తెగులు అన్నింటినీ చంపగలదు. 1845లో మాడు తెగులు వచ్చింది. 1846లో పంట దాదాపు పూర్తిగా కుళ్ళిపోయింది. 1852 నాటికి సుమారు 10 లక్షల మంది ఆకలికీ, రోగాలకూ బలయ్యారు. అంతకు తక్కువ కాకుండా వలసపోయారు. 1841లో దాదాపు 82 లక్షలున్న జనాభా 1851లో 65 లక్షలకు దిగింది.

మరి దీనికి కారణం తెగులేనా? తత్వశాస్త్రం తక్షణ కారణాన్నీ, మూల కారణాన్నీ వేరుచేసి చూడమంటుంది. అదే తెగులు బెల్జియం, హాలండు దేశాలకూ సోకింది. అక్కడా జనం బాధపడ్డారు, కాని ఇంతటి ఘోరం జరగలేదు. పైగా ఆ కరవు కాలంలోనే ఐర్లండు నుండి ఓట్లు, వెన్న, పశువులు ఇంగ్లండుకు ఓడలెక్కాయి. అంటే తిండి ఉంది. కొనే శక్తి పేదవానికి లేదు. తెగులు తక్షణ కారణం. ఒకే పంటమీద ఆధారపడక తప్పని పేదరికం మూల కారణం.

అందుకే 1996లో రోములో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు, గాదెలు నిండితే చాలదనీ, ప్రతి మనిషికీ అన్ని వేళలా చాలినంత పోషకాహారం అందుబాటులో ఉండటమే ఆహార భద్రత అనీ చెప్పింది.

మన మెట్ట రైతులు జొన్నలో కంది, ఆముదం కలిపి వేసేది ఈ తెలివితోనే. ఒకటి పోయినా మరొకటి నిలుస్తుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. వారానికి రెండు పూటలైనా జొన్నరొట్టె, కొర్రన్నం వండుకుంటే ఆ రైతు నిలబడతాడు.

మరొక పని. 2013 ఆహార భద్రతా చట్టం కింద అర్హత గల కుటుంబంలో తలకు నెలకు 5 కిలోల ధాన్యం హక్కు. మీ వీధిలో కార్డు లేని వృద్ధులు, వలస కూలీలు ఉన్నారేమో కనుక్కోండి. చదువుకున్న యువకులు వారికి దరఖాస్తు రాసిపెట్టండి. గాదెలో గింజ ఉండి ఆకలితో మనిషి పోవడం ఒకసారి జరిగింది; మన వీధిలో జరగకూడదు.